అమావాస్యకు తగ్గే వాపు

ముందు మీ కుడిచెయ్యి ఒకసారి వెల్లకిలా చాపండి. బొటనవేలి కొసా చిటికెనవేలి కొసా కలిపి, మణికట్టును కొంచెం మీ వైపు వంచండి. మధ్యలో చర్మం కింద తాడులాంటిది లేచిందా? లేస్తే ఆ కండ మీకు ఉన్నట్టు. లేవకపోయినా కంగారు పడకండి, కొందరికి పుట్టుకతోనే ఉండదు, దానివల్ల ఏ లోటూ రాదు. నాకు ఉంది, కానీ తలకిందులుగా ఉంది. ఆ సంగతి తెలియడానికి నాలుగు అమావాస్యలు పట్టింది.

నాలాంటి వాళ్ళకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నానంటే సగమే నిజం. మిగతా సగం కక్ష. నాది దొంగ నొప్పి అన్నవాళ్ళు ఇది చదవాలి, చదివి తలదించుకోవాలి. వాళ్ళలో మొదటిది మా అక్క. ఆమెకు చదవడం వచ్చు, కళ్ళజోడు కూడా ఉంది.

మాది మంగళగిరి. అక్క రమణా నేనూ ఒకే ఇంటి అన్నదమ్ములను చేసుకున్నాం. అందుకని అక్కే నాకు తోడికోడలు. ఒకే గదిలో రెండు గుంట మగ్గాలు, ఒకటి తనది, ఒకటి నాది. నూలు, రంగులు, కొట్లకు చీరలు చేరవెయ్యడం మా ఆయన శ్రీనూ బావగారూ చూసుకుంటారు. గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని, ఎడమచేత్తో దువ్వెనలాంటి అచ్చును నా వైపు కొడుతూ, కుడిచేత్తో పైనుంచి వేలాడే తాడును లాగుతుంటే, అడ్డపోగు మోసే నాడె ఈ అంచు నుంచి ఆ అంచుకు పరిగెడుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుడిచేతికి అదే పని.

శ్రావణం, పోలాల అమావాస్య

ఆషాఢంలో మొదలైంది. బొటనవేలూ దాని పక్క రెండువేళ్ళూ తిమ్మిరెక్కేవి. మధ్యాహ్నం దాటేసరికి మణికట్టు పైన, చేతి లోపలివైపు, నిమ్మకాయంత వాపు లేచేది. మగ్గం దిగాక తగ్గుతూ తగ్గుతూ తెల్లారేసరికి ఏమీ ఉండేది కాదు. అక్క దాన్ని చూసింది. చూడడమే కాదు, తన బొటనవేలితో నొక్కి, "నూనె రాసుకోవే, అదే పోద్ది" అంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేనైతే మరిచిపోలేదు.

మా నేతవాళ్ళకు అమావాస్య సెలవు. ఆ రోజు మగ్గం తొక్కం. పెళ్ళిచూపులైనా, బ్యాంకు పనైనా, డాక్టరైనా అన్నీ ఆ రోజుకే పెట్టుకుంటాం. మా అమ్మ అలాగే చేసింది, వాళ్ళమ్మా అలాగే చేసింది. నేనూ పోలాల అమావాస్య నాడు అక్కను తోడు తీసుకుని విజయవాడ బస్సెక్కాను. సూర్యారావుపేటలో ఎముకల డాక్టరు. హాలు నిండా జనం, అందులో మాకు తెలిసిన నేతవాళ్ళే ఆరేడుగురు. గంటన్నర కూర్చున్నాక పిలిచారు.

డాక్టరుగారు నా చెయ్యి తిప్పి చూశారు. ఎక్స్‌రే చూశారు.

"ఎక్కడమ్మా వాపు?"

"సాయంత్రానికి వస్తదండి. పొద్దునకి ఉండదు."

"మరిప్పుడు నన్నేం చూడమంటావు?" అని, అక్క వైపు తిరిగారు. "మీరు చూశారా అండీ?"

నేను ధైర్యంగా అక్క వైపు చూశాను.

"లేదండి," అంది అక్క. "నేనెప్పుడూ చూళ్ళేదు."

డాక్టరుగారు పెన్ను మూశారు. "ఇంట్లో ఏమైనా గొడవలా?"

"పనంటేనే గొడవండి దీనికి."

ఆయన నవ్వారు. పక్కనున్న కాంపౌండరూ నవ్వాడు. నిద్రకు మాత్రలు రాసి, మనసు ప్రశాంతంగా పెట్టుకోమన్నారు. బయటికొచ్చి మెట్ల దగ్గర అక్కను నిలబెట్టి అడిగాను.

"ఎందుకట్లా చెప్పావక్కా?"

"చూశానంటే రెస్టు తీసుకోమంటాడు. మనం ఒప్పుకున్న పెళ్ళిచీరలన్నీ నేనొక్కదాన్నే నెయ్యాలా? అయినా ఒకే అమ్మ కడుపున పుట్టాం. నాకూ అదే చెయ్యి. నాకు లేని నొప్పి నీకెక్కణ్ణించి వచ్చిందే?"

నిజమే, ఒకే కడుపు. ఆ రోజు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని, నా చెయ్యి నాకే అబద్ధం చెబుతోందేమోనని మొదటిసారి అనుకున్నాను.

భాద్రపదం, మహాలయ అమావాస్య

ఈసారి మా ఆయన వచ్చాడు. అదే డాక్టరు, అదే కుర్చీ. వాపు లేదు. "మీరు చూశారా?" అన్న ప్రశ్న మా ఆయనకూ వచ్చింది. మంచివాడే, కానీ చదువుకున్నవాళ్ళ ముందు ఆయనకు నోరు పెగలదు. "కొంచెం ఉన్నట్టుంటదండి" అన్నాడు. డాక్టరుగారు ఒక చీటీ మీద మనసు డాక్టరు పేరు రాసిచ్చారు. ఆ చీటీని దేవుడి పటం వెనక దాచాను. అవసరం వస్తుందని నాకు తెలుసు.

ఆ నెలలోనే ఒక పొద్దున పాలగిన్నె దించాను. మూడువేళ్ళకూ వేడి తెలియలేదు. చూస్తే బొబ్బలెక్కాయి. పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను. నొప్పికి కాదు, నొప్పి లేనందుకు. తెగిన పోగును వేళ్ళతోనే వెతికి ముడివెయ్యాలి. వేళ్ళకు పోగు తెలియకపోతే ఇక నేను నేతమనిషిని కాను. చదువు పదోక్లాసుతో ఆగిపోయింది. ఈ ఒక్క పనే నాకు వచ్చు.

ఒకరోజు మధ్యాహ్నం తాడు లాగలేక లేచి వెళ్ళి పడుకున్నాను. లేచి వచ్చేసరికి నా మగ్గం మీద అక్క కూర్చుని నా చీర నేస్తోంది. అడగలేదు, చెప్పలేదు. ఒకరి పడుగు మీద ఇంకొకరు కూర్చుంటే గుడ్డకే తెలిసిపోతుంది, అచ్చు దెబ్బ మారిపోతుంది. ఆ చీరలో ఎక్కడ నేను ఆగానో, ఎక్కడ ఆమె మొదలుపెట్టిందో ఇప్పటికీ చూపించగలను.

ఆశ్వయుజం, దీపావళి అమావాస్య

పండగని రెండురోజులు ముందే మగ్గాలు ఆపాం. చెయ్యి తేలికైంది. బూరెల మూకుడు రెండు చేతులతో ఎత్తి దించుతున్నాను. ఇంటినిండా చుట్టాలు. అక్క అందరూ వినేలా అంది:

"చూశారా, పండగ రాంగానే తగ్గిపోయింది. మా చెల్లి చెయ్యి పంచాంగం చూసుకుని నొప్పెడతది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నన్ను నేను క్షమించుకోలేనిది ఆ నవ్వు ఒక్కటే. ఆ తర్వాత వీధిలో పిల్లల దగ్గర్నుంచి ముసలమ్మల దాకా, "ఏం కుమారీ, అమావాస్య ఇంకెన్ని రోజులు?" అని అడగడం మొదలుపెట్టారు. అడిగిన వాళ్ళందరూ నాకు గుర్తున్నారు. మూకుడు కడుగుతూ ఒట్టు పెట్టుకున్నాను. ఈ జబ్బు పేరేమిటో కనుక్కుని దాన్ని అక్క కళ్ళముందు పెట్టకపోతే నా పేరు కుమారి కాదు.

కార్తీక అమావాస్య

డాక్టరును మార్చి ఇంకో ఆసుపత్రికి వెళ్ళాను. ఈసారి ఒంటరిగా. అక్కడా వాపు కనబడలేదు. చేతికి కరెంటు పెట్టించుకోమని కింద గదికి పంపారు. అక్కడ ఫిజియోథెరపీ చేసే సునీతగారు, చల్లపల్లి అమ్మాయి, మెడలో చిన్న శిలువ. నా చీటీలన్నీ వరసగా పేర్చి చూసింది.

"మీరు పనిరోజు ఒక్కసారి కూడా రాలేదేంటండి?"

"పనిరోజు పనుంటదిగా అమ్మా. అమావాస్యే మాకు సెలవు."

"అదేనండి. పనిచేస్తే వచ్చే వాపుని పని మానేసిన రోజు చూపిస్తున్నారు. ఎవరికి కనబడుతుంది?" అంది. చాలా మెల్లగా అంది, నవ్వలేదు. "మగ్గం మీద మూడుగంటలు నేసి, లేచినదాన్ని లేచినట్టే రండి. స్కానింగు డాక్టరుగారికి నేను చెప్పి ఉంచుతాను."

నాకు నా మీదే కోపం వచ్చింది. తర్వాత మా తాతముత్తాతలందరి మీదా వచ్చింది. చివరికి తిరిగి తిరిగి అక్క మీదకే వచ్చింది. మొదటిసారి అమావాస్య నాడే వెళ్ళినా, చూసిన కళ్ళు రెండు నా పక్కనే ఉన్నాయి. అవి అబద్ధం చెప్పకపోతే అమావాస్య నన్నేం చేసేది?

మార్గశిరం, మామూలు బుధవారం

పొద్దున్నే మగ్గమెక్కాను. పది దాటేసరికి వాపు లేచింది. అచ్చు వదిలేసి, తువ్వాలు ఒకటి నీళ్ళలో ముంచి పట్టుకుని బయల్దేరాను. "పనిరోజు కూడా పోయిందన్నమాట," అంది అక్క, తన మగ్గం ఆపకుండానే.

బస్సు వారధి మీద ఆగిపోయింది. ముందు ఏదో లారీ చెడిపోయిందట. కింద కృష్ణ, పైన ఎండ, నా చేతిలో వాపు. అది దిగిపోతోందని నాకు తెలుస్తోంది. ఇది పోతే నేను జన్మంతా పనిదొంగనే. చేతికి పని తగిలితే వాపు నిలుస్తుందని కుడిచేత్తో తడి తువ్వాలు పిండడం మొదలుపెట్టాను. నీళ్ళన్నీ పక్కావిడ చీర మీద పడ్డాయి. ఆవిడ కసురుకోబోయి నా ముఖం చూసి ఆగిపోయింది. సంగతి చెప్పాను. "పిండమ్మా, పిండు. చీరదేముంది, ఆరిపోద్ది," అని తన సీసాలో నీళ్ళు మళ్ళీ తువ్వాలు మీద పోసింది.

ఆసుపత్రిలో నా ముందు ఎనిమిది మంది. తువ్వాలు పిండుతుంటే నేల తడుస్తోందని ఆయా అరిచింది, ఆమెకూ మగ్గం సంగతి చెప్పుకున్నాను. ఎదురు కుర్చీలో ఒక పెద్దాయన, మోకాలికి పట్టీ, కొండపల్లిలో బొమ్మలు చెక్కేవాడట, నన్నే చూస్తున్నాడు.

"మగ్గం తాడు ఎట్టా లాగుతావమ్మా?"

చూపించాను. ఆయన లేచి, తువ్వాలు రెండో కొస పట్టుకుని, కుంటికాలు గోడకు ఆనించి నిలబడ్డాడు.

"ఇదే మగ్గం అనుకో. లాగు తల్లీ."

లాగాను. ఆయన వదల్లేదు. లాగుతూనే ఉన్నాను. హాలంతా మమ్మల్నే చూస్తోంది, ఒకళ్ళూ నవ్వలేదు. పావుగంటకు నా పేరు పిలిచారు. వాపు నిమ్మకాయంత లేచి ఉంది. ఆ పెద్దాయన పేరు అడగడం మరిచిపోయాను.

స్కానింగు డాక్టరమ్మ చాలాసేపు చూసి చెప్పింది. మొదట్లో మిమ్మల్ని చూసుకోమన్న ఆ కండ, ఉన్నవాళ్ళందరికీ మోచేతి దగ్గర లావుగా ఉండి, మణికట్టు దగ్గరకు వచ్చేసరికి తాడులా సన్నబడుతుంది. నాకు మాత్రం పైన తాడు, కింద కండ. పని చేసినప్పుడు కండ పొంగి, చోటు లేక, వేళ్ళకు వెళ్ళే నరాన్ని నొక్కుతోంది. పుట్టుకతో వచ్చిందే. తీసేస్తే సరిపోతుంది, అది లేకపోయినా చేతికి ఏ పనీ ఆగదు.

"మీది అబద్ధం కాదమ్మా," అంది, నేను అడగకుండానే. అప్పుడు ఏడ్చాను. మాస్కు తడిసిపోయేంత ఏడ్చాను.

మాఘం

ఆపరేషనుకు ఒక్కటే షరతు పెట్టాను. తలుపు దగ్గర అక్కే ఉండాలి. మా ఆయనకు అర్థం కాలేదు, అత్తయ్యకు రాళ్ళ ఆపరేషను అయినప్పుడు ఆయన ఊళ్ళో లేడు. నేను అప్పుడు చూశాను, తీసినదాన్ని ట్రేలో పెట్టి తలుపు దగ్గర ఉన్నవాళ్ళకు చూపిస్తారు. ఆ ట్రే కోసమే నేను రెండు నెలలు ఓపికపట్టాను.

భుజం దగ్గర సూది వేసి చెయ్యి మాత్రమే మొద్దుబార్చారు. నాకు మెలకువగానే ఉంది. కత్తుల చప్పుడూ డాక్టర్ల క్రికెట్ కబుర్లూ అన్నీ వింటున్నాను. నా చెవులు మాత్రం తలుపు మీదే. చివరికి నర్సు వెళ్ళింది.

"కుమారి తాలూకు ఎవరండీ?"

"నేనేనండి. అక్కని."

"ఇదిగోండి, తీసింది ఇదే."

ఇప్పుడు ఏడుస్తుంది, ఇప్పుడు నా పేరు పెట్టి పిలుస్తుంది అనుకున్నాను.

"ఇంతేనా?" అంది అక్క. "దీనికా ఇన్ని నెలలు?"

బల్ల మీద నుంచి లేవబోయాను. డాక్టరు భుజం పట్టుకుని, "కదలకమ్మా, కుట్లు పడుతున్నాయి" అన్నారు.

ఫాల్గుణం

నాకు దేవుడున్నాడు. కుట్లు విప్పాక వేళ్ళకు కసరత్తు చేయించడానికి సునీతగారి దగ్గరకు వెళ్తే తోడు అక్కే వచ్చింది. మాటల్లో సునీతగారు, "మీ అక్కగారిది కూడా ఒకసారి చూద్దామండి, ఒక్కోసారి కుటుంబంలో ఉంటుంది" అంది. అక్క బొటనవేలూ చిటికెనవేలూ కలిపి మణికట్టు వంచింది. ఏమీ లేవలేదు. ఎడమచేతికీ లేవలేదు.

"మీకసలు ఆ కండే లేదండి."

అక్క ముఖం పాలిపోయింది. "లేకపోతే ఏమవుద్దండి?"

"ఏమీ కాదండి. చాలామందికి ఉండదు."

ఆ రెండో మాట అక్కకు వినబడలేదు. వినబడకపోవడం నాకు బాగుంది. బయటికొచ్చి పోలాల అమావాస్యనాటి మెట్లలాంటి మెట్ల మీదే నిలబెట్టి అన్నాను: "ఒకే అమ్మ కడుపు, ఒకే చెయ్యి అన్నావుగా. నాది తలకిందులు. నీకు అసలు లేనే లేదు."

అంతటితో ఊరుకోలేదు. ఆ వారంలోనే పక్కవీధిలో సీమంతం. ఆడవాళ్ళందరినీ వరసగా కూర్చోబెట్టి వేళ్ళు కలిపించాను. ఎవరికి తాడు లేస్తే వాళ్ళు మురిసిపోయారు. "మా అక్కకి మాత్రం చేతిలో కండే లేదంట" అన్నాను, దీపావళి నాడు ఆమె అన్న గొంతుతోనే. నవ్వులే నవ్వులు. అక్క చేతులు కొంగులో దాచుకుంది. ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటుంటే నాకు ఆనందంగా ఉంది. నేనేమీ మంచిదాన్ని కాదు.

చైత్రం

నేను ఇంకా మగ్గమెక్కలేదు. గదిలో కూర్చుని నాడెలో పెట్టే నూలు కండెలు చుడుతూ అక్క మగ్గం వినేదాన్ని. దాని చప్పుడు మారింది. నాడె విసురు ఆలస్యమవుతోంది, దెబ్బ పలుచబడుతోంది. ఒకరోజు తనే అంది.

"చెయ్యి లాగేస్తందే చిన్నీ. మోచెయ్యి దాకా."

"అమావాస్యకి తగ్గిపోద్దిలే," అన్నాను.

ఆ మాట అనడం కోసం దీపావళి నుంచి ఎదురుచూశాను. ఇంకో రెండు రోజులకు మధ్యాహ్నం గదిలోకి వెళ్తే మగ్గం ఆగి ఉంది. అక్క గుంటలో కాళ్ళు పెట్టుకుని, కుడిచేతి మణికట్టు మీద ఎడమచేతి వేలితో తడుముకుంటోంది. లేని తాడును వెతుక్కుంటోంది. తాడు లాగుదామని చెయ్యెత్తింది, సగంలో దించేసింది. నన్ను చూడలేదు.

ఆ చెయ్యి ఆర్నెల్లు తన చీరలూ నేసింది, నావీ నేసింది. ఇది రాయడం నాకు ఇష్టం లేదు, కానీ నిజం. భయంతో వచ్చిన నొప్పో, పనితో వచ్చిన నొప్పో నాకు తెలియదు. భయమైతే అది నేను పెట్టిన భయమే.

పనిరోజే తీసుకెళ్ళాను, బుధవారం, మగ్గం దిగినదాన్ని దిగినట్టే. సూర్యారావుపేటలో మొదటి డాక్టరు దగ్గరకే తీసుకెళ్ళాను. నా స్కానింగు కాగితాలూ, దేవుడి పటం వెనకున్న మనసు డాక్టరు చీటీ కూడా సంచిలో పెట్టుకున్నాను. ఒక దెబ్బకు రెండు పిట్టలు. హాల్లో తువ్వాలు తీసి ఒక కొస అక్కకిచ్చాను. "లాగు," అన్నాను. పెద్దాయన నాతో పావుగంట లాగించాడు. నేను అరగంట లాగించాను.

లోపల ముందు నా కాగితాలు బల్ల మీద పెట్టాను. ఆయన చూశారు, నా మచ్చ చూశారు. "ఇలాంటివి అరుదమ్మా," అన్నారు. నేను ఆ చీటీ తీసి కాగితాల పైన పెట్టాను. ఆయన అది చదువుకుని పక్కకు జరిపి, గబగబా అక్క చెయ్యి తీసుకున్నారు. నొక్కారు, వంచారు. వాపు లేదు.

"పైకి ఏమీ కనబడట్లేదే," అన్నారు. తర్వాత అలవాటుగా, ఎప్పటిలాగే, పక్కనున్న మనిషి వైపు తిరిగారు. "నిజంగా అంత నొప్పి ఉంటోందా? మీరు చూశారా?"

అక్క నా వైపు చూసింది. ఆ గదిలోనే, ఆ కుర్చీలోనే కూర్చుని నేను ఆమె వైపు చూశాను ఒకప్పుడు. ఏం జరగబోతోందో ఆమెకు తెలుసు. నాకు కూడా, నోరు తెరిచేదాకా, తెలుసనే అనుకున్నాను.

"చూశానండి," అన్నాను. "నాడె విసరలేకపోతోంది. నా కళ్ళతో చూశాను."

"ఇంట్లో ఏమైనా..."

"గొడవలున్నాయండి. నాతోనే. దానికీ నొప్పికీ సంబంధం లేదు. రాసుకోండి."

ఆయన రాసుకున్నారు. చేతికి రెండు నెలలు విశ్రాంతి రాశారు. ఇప్పుడు ఇంట్లో రెండు మగ్గాల్లో ఒక్కటే ఆడుతోంది, అది నాది. మూడువేళ్ళకూ పోగు తెలుస్తోంది. అక్క చెయ్యి ఎప్పటికి బాగవుతుందో తెలియదు. ఇది చదివే నేతవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే, అమావాస్య నాడు గుడికి వెళ్ళండి, బ్యాంకుకు వెళ్ళండి, డాక్టరు దగ్గరకు మాత్రం పనిరోజే వెళ్ళండి.

ఆ రోజు తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. తువ్వాలు ఆమె ఒళ్ళో ఉంది. వారధి దాటాం, తాడేపల్లి దాటాం, అక్క ఒక్కసారి కూడా నా వైపు తల తిప్పలేకపోయింది. నేను మాత్రం మంగళగిరిలో దిగేదాకా ఆమె ముఖం మీంచి చూపు తియ్యలేదు.